అవ్వ తోమిన విమానం

పొద్దున ఏడు కాకముందే హర్షిణి వెనక వసారాలో పని మొదలుపెట్టేసింది. గోదావరిఖనిలో వెండిరంగు వేయాలనుకునేవాళ్లకు పొద్దుటిపూటే దిక్కు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు సైరను మోగిందంటే ఇక ఆ రోజుకు అంతే. కిటికీలు మూసినా దుమ్ము ఎక్కడినుంచి వస్తుందో వస్తుంది, తడి రంగు ఎక్కడుందో వెతుక్కుని మరీ దాని మీదే కూర్చుంటుంది.

ఆవేళ ఆమె చేతిలో ఉన్నది మిగ్ యుద్ధవిమానం వెనక నిప్పులు చిమ్మే గొట్టం. అసలు దానిలో ముప్పై రెండో వంతు, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క. అంచు చుట్టూ చిన్న చిన్న రేకులు. ముందుగా దానికి అద్దంలా మెరిసే నల్లరంగు వేయాలి. అది ఆరాక పైన అల్యూమినియం రంగు పలచగా చల్లాలి. కింద నలుపు ఉంటేనే పైన లోహం లోహంలా కనబడుతుంది. ఆ తర్వాతది అసలు పని: సెగకు కాలిన మరకలు. నెల రోజులుగా ఆ మరకలతోనే కుస్తీ పడుతోంది.

ఆ మరకలు నేర్పినవాడు ఆమె తండ్రి భూపాల్. బొగ్గు బాయి వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లు వెల్డింగు చేసిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లూ పోయాయి, వెలుతురు ఎటువైపుందో మాత్రం తెలుస్తుంది. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపింది. గడప పక్కన కుర్చీలో కూర్చుని, తను చూడలేని రంగుల్ని కూతురికి వరసగా చెబుతుంటాడు.

"సెగకు దూరంగ ఎండుగడ్డి రంగు. దాని పక్కకు బెల్లం. తర్వాత వంకాయ. మంట దగ్గరికొచ్చేసరికి నెమలి మెడ నీలం. గీత గీసినట్టు ఉండొద్దు బిడ్డా, ఒకదాంట్లకు ఒకటి కలిసిపోవాలె."

"ఈసారి గట్లనే వచ్చింది బాపూ."

భూపాల్ చెయ్యి చాపాడు. అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. తడి రంగు ముట్టుకోకూడదని ఆయనకు తెలుసు.

ఆ ముక్క మీద హర్షిణి బతుకంతా ఆధారపడి ఉంది. హైదరాబాదులో మ్యూజియాలకు విమానాల నమూనాలు చేసిచ్చే అమరనాథ్ అనే పెద్దమనిషి, ఈ ఒక్క గొట్టం చేసి పంపితే గురువారం పొద్దున చూసి ఉద్యోగం సంగతి ఫోన్లో చెబుతానన్నాడు. ఈవేళ బుధవారం. పక్క క్వార్టరు రఘుపతి సాయంత్రం రైలుకు హైదరాబాదు పోతున్నాడు, తీసుకెళ్లి ఇస్తానని ఒప్పుకున్నాడు.

అదే గురువారం ఇంకో గడువు కూడా ఉంది. అన్‌ఫిట్ అయిన కార్మికుడి స్థానంలో భార్యకో, పిల్లల్లో ఒకరికో కంపెనీ పని ఇస్తుంది. ఆ కాగితం ఆఫీసులో ఇవ్వడానికి అదే ఆఖరు రోజు. భార్య అన్న మాట అందులో అచ్చువేసి ఉన్నా ఆ ఇంట్లో ఎవరి కళ్లూ దాని మీద ఆగలేదు. ఆడపిల్ల చదువుకుంది, ఒక్కతే సంతానం, ఇంకెవరు చేస్తారని అందరూ హర్షిణి పేరే అనుకున్నారు. తల్లి శోభ మరీ ఎక్కువగా అనుకుంది. గురువారం దాకా ఆగుతానని, హైదరాబాదు ఖాయమైతే సరే, కాకపోతే నోరెత్తకుండా సంతకం పెట్టాలని కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

తొమ్మిదింటికి రంగు చేతికి అంటకుండా ఆరింది. హర్షిణి గొట్టాన్ని పీట మీద పెట్టి, వెదురు గంప బోర్లించి, ప్యాకింగు డబ్బా కోసం చౌరస్తాకు వెళ్లింది. విమానం జోలికి పోవద్దని వెళ్లేముందు నాయనమ్మ లస్మవ్వకు అలవాటుగా మళ్లీ చెప్పింది.

లస్మవ్వ ఎన్నడూ విమానం జోలికి పోలేదు. రెక్కలూ ముక్కూ ఉన్నదేదైనా ఆమెకు మనవరాలి సొత్తు. కానీ ఆమె లోకంలో నల్లబడిన గిన్నె గంటసేపు అలా ఉండటానికి వీల్లేదు. మొగుడూ కొడుకూ బొగ్గు బాయిలో పనిచేసిన ఇల్లు. యాభై ఏళ్లుగా ఆమె చేతులకు తెలిసిన యుద్ధం మసితోనే. బుధవారం బుధవారం గ్యాసుపొయ్యి బర్నర్లు ఊడదీసి, గిన్నెలు తోమే జాలాట్లో వేసుకుని కొబ్బరిపీచు, బూడిద, చింతపండుతో తోముతుంది. ఆవేళ రెండు బర్నర్లు తోమాక నీళ్లచెంబు కోసం వసారాలోకి వచ్చి, గంప ఎందుకు బోర్లించి ఉందా అని ఎత్తి చూసింది. పీట మీద గుండ్రంగా, చుట్టూ రేకులతో, మంటకు కాలి నీలంగా మారిన ఇంకో బర్నరు.

పదకొండింటికి హర్షిణి తిరిగొచ్చేసరికి జాలాటి గట్టు మీద మూడు బర్నర్లు ఎండకు ఆరుతున్నాయి. రెండు తళతళలాడుతున్నాయి. మూడోది బూడిదరంగు ప్లాస్టిక్. రేకులు మూడు విరిగిపోయాయి.

"ఇదేందో సూడు బిడ్డా," అంది లస్మవ్వ అమాయకంగా. "తోమినకొద్ది నల్లగైతాంది. ఇంత మొండి మసి నేను ఎన్నడు సూడలే. ఇంక గట్టిగ తోమిన."

వెండిరంగు కింద నల్లరంగు ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? ఎంత తోమితే అంత నలుపు బయటికొచ్చింది. ఎంత నలుపొస్తే అంత కసిగా తోమింది పాపం ముసలిది.

హర్షిణి నాయనమ్మను ఒక్క మాట అనలేదు. ఆ ముక్కను గుప్పిట్లో పట్టుకుని సరాసరి వంటింట్లోకి పోయి తల్లి ముందు నిలబడింది.

"నువ్వే చెప్పి తోమిచ్చినవ్ గదా అమ్మా."

శోభ చేతిలో గరిటె ఆగిపోయింది. కూతురు ఆగలేదు. నెల రోజుల నుంచి నీకు నిద్ర లేదని, నేను ఓడిపోవాలని ఎదురుచూశావని, కాగితం సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావని, అవ్వను అడ్డం పెట్టుకున్నావని గొంతు పగిలేలా అంది. శోభ అంతా విన్నది. పొయ్యి ఆర్పింది.

"నేను చెప్పలే," అంది. "కాని నువ్వు పోవద్దని అనుకున్నది నిజం. రోజు అనుకున్న. ఈ పని ఎవ్వరు చెయ్యకుంటె క్వార్టరు ఖాళీ చెయ్యాలె. నీ బాపు ఈ గోడలు పట్టుకొనే జాలాటికి పోతడు, గడపకు వస్తడు. ఈ ఇల్లు పోతే ఆయనకు నడిచే తొవ్వ గూడ పోతది. హైదరాబాద్‌ల యాడ తడుముకుంటడు?"

"నా కండ్ల మీద మీరు కొట్లాడకుండ్రి," అన్నాడు భూపాల్ గడప దగ్గరినుంచి. ఆ మాట అనడానికి ఆయన గోడ పట్టుకుని లేచాడు. లేచి, ఏంచేయాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

అప్పుడు లస్మవ్వ లోపలినుంచి వచ్చింది. కొంగులో ఏదో పట్టుకుని ఉంది. విప్పితే బాయికి అన్నం తీసుకెళ్లే అల్యూమినియం సద్ది డబ్బా. ఓ పక్క సొట్ట. అద్దంలా మెరుస్తోంది. ముప్పై ఏళ్ల కింద బాయిలో పైకప్పు కూలి చనిపోయిన తాత ఎల్లేశంది. ఆ డబ్బా ఇంట్లో ఉందని హర్షిణికి తెలుసు. దాన్ని ఎవరైనా బయటికి తీయడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

"నీ తాతను తెచ్చినంక ఇది నా చేతులపెట్టిండ్రు," అంది లస్మవ్వ. "మూతంత మసి. ఆ మసిల ఆయన బొటనవేలు అచ్చు పడ్డది. తిని మూత పెట్టిండు గదా, గప్పటిది. ఇంటినిండ మంది, అందరు ఏడుస్తున్నరు. నేను జాలాట్ల కూసోని దీన్ని తోమిన. ఎందుకు తోమిన్నో నాకే ఎరుక లేదు. చేతికి నల్ల డబ్బా వస్తే తోముడే తెలుసు. తెల్లగైనంక సూసుకున్న. ఆయన వేలు లేదు."

లస్మవ్వ మూతను కొంగుతో మళ్లీ ఒకసారి తుడిచింది.

"గప్పుడు గట్ల, గిప్పుడు గిట్ల. నా చేతులు ఇరిగిపోను. నీదిగూడ తోమిన బిడ్డా."

హర్షిణి కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. ముసలమ్మ పక్కన కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. లస్మవ్వ ఏడవలేదు, మనవరాలి వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక హర్షిణి ముక్కు తుడుచుకుని డబ్బాను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"యాడుండె అవ్వా, వేలు?"

లస్మవ్వ మూత అంచు దగ్గర ఒకచోట చూపించింది. ముప్పై ఏళ్లయినా ఒక్క క్షణం తడుముకోలేదు.

హర్షిణి రంగుల పెట్టె తెచ్చింది. బ్లాస్టింగు సైరను మోగింది, ఇల్లు అదిరింది, దుమ్ము లేచింది. దుమ్ము పడితే పడనీ, ఈ డబ్బాకు అదీ కావాలి అనుకుంది. మసి ఎక్కడ దట్టంగా ఉండేదో లస్మవ్వ చెప్పింది. చేతులు తగిలే చోట నలుపు అరిగి లోహం కనబడాలని, సొట్టలో మాత్రం నూనెతో కలిసి గట్టిపడి ఉండాలని భూపాల్ చెప్పాడు. నాలుగింటికి రఘుపతి వచ్చి గడపలోనుంచి పిలిస్తే, పంపడానికేమీ లేదు కాకా అని తల ఎత్తకుండానే చెప్పింది.

చివరికి మూత అంచున తడి నలుపు మిగిలింది. హర్షిణి లేచి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"తాత వేలు నీ లెక్కనే ఉండెనంట బాపూ. ఒత్తు."

"తడి ఉన్నది గదా బిడ్డా."

"తడి ఉన్నప్పుడే ఒత్తాలె."

భూపాల్ బొటనవేలిని ఆమె మెల్లగా తీసుకెళ్లి అక్కడ ఆనించింది. ఆయన ఒత్తి తీశాడు. లస్మవ్వ వంగి చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముప్పై ఏళ్ల కింద ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చింది.

వంటింటి గుమ్మంలో నిలబడి శోభ ఇదంతా చూసింది. రాత్రి అన్నాలయ్యాక సంచిలోని కాగితం తీసి మొదటినుంచి చదువుకుంది.

తెల్లారి అమరనాథ్‌కు ఫోన్ చేస్తే, ఇంకొకరి నమూనా వచ్చింది, అయినా మళ్లీ చేసి పంపండి, మాట మాత్రం ఇవ్వలేను అన్నాడు. హర్షిణి ఫోన్ పెట్టేసి, ఒట్టు ప్రకారం తల్లి దగ్గరికి వెళ్లి కాగితం అడిగింది. శోభ ఇచ్చింది. పేరు రాయాల్సిన చోట అప్పటికే శోభ అని వంకరటింకర అక్షరాలతో రాసి ఉంది.

"ఇదేందమ్మా? కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తే పని ఇస్తరు. నీతోని కాదు."

"నాకు నలభై రెండే. అందులనే రాసి ఉన్నది గదా భార్య అని. ఇన్నొద్దులు ఎవ్వరం సదువలే." శోభ చీర సర్దుకుంది. "నువ్వు మళ్ల చెయ్. రంగులు ఎట్ల పోవాల్నో నీ బాపు చెప్తడు. ఆయనకు యాదికి ఉన్నప్పుడే నేర్చుకో."

హర్షిణి కాగితం లాక్కోబోయింది. శోభ ఇవ్వలేదు. కూతురు తల్లిని పట్టుకుని, నిన్న అన్న మాటలకు కాళ్ల మీద పడినంత పనిచేసింది. శోభ ఆమెను లేపి, ముఖం కడుక్కొమ్మని కసిరింది.

రెండు నెలల తర్వాత ఓ సోమవారం శోభ మొదటి షిఫ్టుకు బయల్దేరింది. చేతిలో కొత్త స్టీలు డబ్బా. ఎల్లేశం డబ్బా అల్మారాలో, ఎవరూ ముట్టుకోని చోట ఉంది. వసారాలో హర్షిణి మూడో గొట్టానికి నల్లరంగు వేస్తోంది. రెండోది అమరనాథ్ తిప్పి పంపాడు. గడప దగ్గర లస్మవ్వ కోడలిని ఆపింది.

"శోభా, వచ్చినంక డబ్బా నాకియ్యి. నువ్వు తోమకు."

"నువ్వు తోముతవా అత్తమ్మా?"

"తోముత," అంది లస్మవ్వ. "నువ్వు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, నా ముందల కూసోని అన్నం తిన్నంకనే తోముత. అందాక నల్లగనే ఉండనీ."