ఇసుర్రాయి రాగం

జులేఖా రెండో చరణం ఎత్తుకోకముందే గుర్వమ్మ చాప మీద నుంచి దిగ్గున లేచింది.

"పంతులమ్మా! గది మా అవ్వ పాట! గీమె దొంగిలించింది!"

హార్మోనియం ఆగిపోయింది. బడిలో ఉన్న ఆడపిల్లలంతా ఒకేసారి జులేఖా వైపు తిరిగారు.

జులేఖా అందరి వైపూ బిత్తరగా చూసింది. "గిది... గిది మా అమ్మీ పాడ్తది. మా తమ్మున్ని పండవెట్టేటప్పుడు," అంది.

"అబద్ధం! మా అవ్వ ఇసుర్రాయి తిప్పుకుంట రోజూ పాడ్తది. రాగం గదే. అచ్చం గదే!"

గుర్వమ్మ ఊరికే అనలేదు. జులేఖా పాటలో మాటలు ఉర్దూ. "సోజా గుడియా, సో గయీ చిడియా, బాదల్ లాయా పానీ" అని పాడింది. బొమ్మా నిద్రపో, పిట్ట కూడా నిద్రపోయింది, మబ్బు నీళ్లు తెచ్చింది అని. కానీ రాగం మాత్రం గుర్వమ్మ రోజూ కళ్లు తెరుస్తూనే వినే రాగం. "తిరుగవే ఇసుర్రాయి, తిరుగవే తల్లి, పొద్దు పొడిచేనాటికి పిండి రాలాలె" అని అవ్వ పాడేది. ఎక్కడ సాగాలో అక్కడే సాగింది. ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది.

బేస్తవారం నాడు పాలమూరు నుంచి బడులు తనిఖీ చేసే పెద్ద అమ్మగారు మక్తల్ ఆడపిల్లల బడి చూడటానికి వస్తున్నారు. పుస్తకంలో పాటలు అన్ని బడుల్లోనూ వింటారు కదా అని మంజులత పంతులమ్మ పిల్లల్ని ఇళ్లలో పాడుకునే పాటలు తెమ్మంది. అన్నిటిలోకీ మంచిది ఏరి అమ్మగారి ముందు పాడిస్తానంది.

గుర్వమ్మ అవ్వ పాటనే దాచిపెట్టుకుంది. మూడు రోజులు ఎవరికీ వినపడకుండా పశువుల కొట్టం వెనక పాడుకుంది. తన వంతు జులేఖా తర్వాత. ఇప్పుడు అదే రాగం తను పాడితే ఎవరు మెచ్చుకుంటారు?

"దొంగతనం అనేది పెద్ద మాట గుర్వమ్మా. కూర్చో," అంది పంతులమ్మ.

గుర్వమ్మ కూర్చుంది కానీ ఆ మాట కూర్చోలేదు. బడి వదిలేసరికి నలుగురు పిల్లలు "చోర్, చోర్" అంటూ జులేఖా వెనక పడ్డారు. జులేఖా పలక గుండెకు హత్తుకుని పరుగెత్తింది.

గుర్వమ్మ ఇంటికి వచ్చేసరికి అవ్వ బాలనర్సమ్మ గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. అమ్మ, బాపు ఇంకా కూలి నుంచి రాలేదు. గుర్వమ్మ సంచీ కూడా దించలేదు.

"అవ్వా, ఇసుర్రాయి పాట నీదే గదా?"

"నాదెట్లయితదే? మా అత్త ఇసురుతుంటె ఇని నేర్చిన."

గుర్వమ్మ ఇది అనుకోలేదు. "అయితె మీ అత్తదా?"

"ఆమె కరువుల బాట ఏసే సడుగు పనికి వొయ్యి నేర్చుకున్నదట. మన్ను మోసుకుంట ఒకామె పాడ్తుండెనట. కొల్లాపురం దిక్కు మనిషి."

"ఆమె పేరేంది?"

అవ్వ చేట పక్కన పెట్టి నవ్వింది. "గంపల మన్ను నెత్తి మీద ఉంటె పేర్లు ఎవలు అడుగుతరు బిడ్డా? పాట ఇన్నరు, మన్ను మోసిన్రు."

"మరి పాట ఎవలదే?"

"ఏమో. పాటకు పట్టా ఉంటదా ఏంది? మనకు భూమికే లేదాయె." అవ్వ మళ్లీ చేట అందుకుంది. "ఎందుకు అడుగుతున్నవు?"

"ఊకెనే," అంది గుర్వమ్మ. ఆ పూట రొట్టె సగమే తినగలిగింది. అవ్వది కాకపోతే జులేఖా దొంగిలించింది ఎవరిది? ఎంత ఆలోచించినా పాలుపోలేదు.

మరునాడు జులేఖా బడికి రాలేదు.

"దొంగ పిల్ల రాలేదు పంతులమ్మా," అంది ముందు వరుసలో బిక్షమ్మ.

గుర్వమ్మ బిక్షమ్మ వైపు తిరిగింది. అది తన మాటే. తను అన్నప్పుడు అంత చేదుగా లేదు. వేరొకరి నోట్లో నుంచి వింటే నాలుక మీద వేపాకు పెట్టినట్టుంది.

పంతులమ్మ బిక్షమ్మను కసిరి కూర్చోబెట్టింది. లెక్కలు అయ్యాక గుర్వమ్మ మెల్లగా హార్మోనియం దగ్గరికి వెళ్లింది.

"పంతులమ్మా, ఒక్క రాగం ఇద్దరికి ఎట్ల వస్తది?"

మంజులత పంతులమ్మ హార్మోనియం ముందుకు జరిగింది. హార్మోనియం తిత్తి ఆడిస్తూ అదే రాగం నెమ్మదిగా వాయించింది. తర్వాత ఇంకా నెమ్మదిగా, ప్రతి చోటా ఆగి ఆగి వాయించింది.

"నేను హైదరాబాదులో సంగీతం నేర్చుకునేటప్పుడు మా గురువుగారు దేవుడి మీద ఒక కీర్తన చెప్పారు. దాని నడక ఇట్లాగే ఉంటుంది. నిన్న జులేఖా పాడుతుంటే నాకు అదే గుర్తొచ్చింది."

"అయితె గిది మీ గురువుగారిదా?"

"ఆయనెక్కడ విన్నారో! నేనెప్పుడూ అడగలేదు."

"మీకు గూడ తెల్వదా?" గుర్వమ్మ కళ్లు పెద్దవయ్యాయి. పంతులమ్మకు తెలియనిది ఒకటి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"నాకూ తెలవదు," అంది పంతులమ్మ.

ఇసుర్రాయి రాగం, నిద్రపుచ్చే రాగం, దేవుడి రాగం. మూడూ ఒకటేనా? మూడూ వేరేనా? గుర్వమ్మ తల గిర్రున తిరిగింది.

ఇంటికి పోయే దారిలో జులేఖా వాళ్ల నాయన ఫక్రుద్దీన్ చాయ్ హోటల్ ఉంది. రాయచూరు నుంచి ఆయన కొత్తగా గ్రామఫోన్ తెచ్చాడు. హోటల్ ముందు ఎప్పుడూ జనమే. గుర్వమ్మ తల దించుకుని గబగబా దాటిపోబోయింది. ఇంతలో గ్రామఫోన్ బూర లోంచి ఒక గొంతు లేచింది. ఫిడేళ్లు, తబలా, ఎవరో పెద్ద ఉస్తాద్. ఉరుకులు పరుగుల పాట. గుర్వమ్మ కాళ్లు ఆగిపోయాయి.

అదే రాగం! ఇసుర్రాయి నెమ్మదిగా తిరుగుతుంది. ఇది గిరగిరా తిరుగుతోంది. అంతే తేడా.

"చాచా!" ఆమెకు తెలియకుండానే పిలిచేసింది. "గీ పాట ఎవలది?"

ఫక్రుద్దీన్ చాయ్ గిన్నె దించుతూ చూశాడు. "బొంబాయిది బేటీ. కొత్త ప్లేటు. ఎందుకు?" అంతలోనే ఆయన మొహం మారిపోయింది. "నువ్వు మా జులేఖా బడి పిల్లవు గదా? మంచిగ చెప్పిన్రు బడిల. నా బిడ్డ చోర్ అని."

గుర్వమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆడపిల్లకు సదువెందుకని మావోళ్లందరు అన్నరు. వాళ్ల అమ్మీ ఏడ్చి మొత్తుకుంటె తోలిన. ఇగ చాలు. ఇంట్ల కూసొని బీడీలు చుట్టుకుంటది," అని ఆయన మళ్లీ పొయ్యి వైపు తిరిగాడు.

గుర్వమ్మ ఇంటి దారి పట్టలేదు. జులేఖా వాళ్ల ఇల్లు హోటల్ వెనకే. అటు పరుగెత్తింది. ఎందుకు పోతోందో, పోయి ఏం చెప్పాలో తెలియదు.

వాకిట్లో జులేఖా తల్లి బషీరున్నీసా బీడీ ఆకు కత్తిరిస్తోంది. పక్కన ఉయ్యాలలో చిన్న పిల్లవాడు నిద్రపోతున్నాడు.

"చాచీ... నీ పాట..." గుర్వమ్మ ఉయ్యాల దగ్గర ఆగింది. "నీ పాట నీకు ఎవలు చెప్పిన్రు?"

బషీరున్నీసా కోపం చేయలేదు. అలసిపోయినట్టు చూసింది. "మా అమ్మ పాడేది. ఆమె రాయచూరుల ఒక ఫకీరు దగ్గర ఇన్నదట. ఫకీరు రాగానికి ఆమె మాటలు గట్టుకున్నది. గాయన ఎక్కడ ఇన్నడో అల్లాకే ఎరుక. ఇది గూడ దొంగతనమేనా బిడ్డా?"

గుర్వమ్మ అడ్డంగా తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటి గుమ్మానికి ఒక పాత చీర పరదాగా కట్టి ఉంది. దాని వెనక జులేఖా కాళ్లు కనబడుతున్నాయి.

"జులేఖా," అని పిలిచింది గుర్వమ్మ.

కాళ్లు కదలలేదు.

"మా అవ్వ పాట గాదట. మీ అమ్మీది గాదట. పంతులమ్మకు తెల్వదట. మీ నాయన ప్లేటుల గూడ గదే ఉన్నది. నాకు ఏం సమజైతలేదే."

"నీకు పాటనే గదా గావాల్సింది?" పరదా వెనక నుంచి వచ్చింది గొంతు. "తీస్కపో. నేను ఇగ పాడ. మా తమ్మునికి గూడ పాడ."

ఆ మాట గుర్వమ్మకు ఎక్కడో తగిలింది. పాట దొరికింది. మరి తీసుకుని పోవాలంటే చేతులు రావేం?

ఆమె పరదా పక్కనే నేల మీద చతికిలబడింది.  ఉయ్యాలలో పిల్లవాడు కదిలాడు. ఏడుపు మొదలుపెట్టాడు. బషీరున్నీసా చేతుల నిండా ఆకు ఉంది. పరదా వెనక నుంచి ఎవరూ పాడలేదు.

గుర్వమ్మ ఉయ్యాల తాడు పట్టుకుంది. "సోజా గుడియా," అని ఎత్తుకుంది. "సో గయీ... సో గయీ..." తర్వాత మాట రాలేదు. "సో గయీ బుడియా!"

పరదా వెనక నవ్వు ఆపుకోలేని చప్పుడు వినబడింది.

"బుడియా గాదే, చిడియా! ముసలమ్మను ఎందుకు పండవెడుతున్నవు?" పరదా పక్కకు జరిగింది. జులేఖా కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"తప్పయింది జులేఖా," అంది గుర్వమ్మ. "నాకు నీ మాటలు రావు. జర నేర్పు."

జులేఖా వెంటనే ఒప్పుకోలేదు. ముక్కు తుడుచుకుంది. తమ్ముడి వైపు చూసింది. వాడింకా ఏడుస్తున్నాడు. అప్పుడు ఒక్కో మాట చెప్పింది. గుర్వమ్మ ఒక్కో మాట తప్పు పలికింది. పిల్లవాడు నిద్రపోయేసరికి పాట అంతా వచ్చింది.

"బేస్తవారం వస్తవా?" అడిగింది గుర్వమ్మ.

"మా అబ్బా పంపిస్తడో లేదో," అంది జులేఖా.

గుర్వమ్మ తిరిగి హోటల్ ముందుకు వచ్చింది. ఆరుగురో ఏడుగురో మనుషులు సాసర్లలో చాయ్ ఊదుకుంటూ కూర్చున్నారు.  అయినా మెట్టెక్కింది.

"చాచా, జులేఖా దొంగ గాదు. తెల్వక నేనే గట్లన్న."

 అందరూ ఆమెనే చూస్తున్నారు.

"అందరి ముందల అన్న. గందుకే అందరి ముందల చెప్తున్న. ఆమెను బడికి తోలు చాచా."

ఫక్రుద్దీన్ ఆమెను చూశాడు.  పక్కకు తిరిగి గ్రామఫోన్ కీ తిప్పసాగాడు. ఆయన ఒప్పుకున్నట్టా, లేనట్టా? గుర్వమ్మకు అర్థం కాలేదు. కాసేపు నిలబడి, మెట్టు దిగి ఇంటికి వెళ్లిపోయింది. బుధవారం కూడా జులేఖా చోటు ఖాళీగానే ఉంది. గుర్వమ్మ మాత్రం పంతులమ్మకు, పిల్లలందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బిక్షమ్మ పలక మీద గీతలు గీస్తూ ఉండిపోయింది.

బేస్తవారం పొద్దున్నే బడి అలికి, ముగ్గు పెట్టారు. ఎద్దుల బండి దిగి పెద్ద అమ్మగారు లోపలికి వచ్చారు. కళ్లద్దాలు, తెల్లచీర. ఎక్కాలు అడిగారు. పద్యాలు విన్నారు.

"ఇక పాట," అన్నారు.

మంజులత పంతులమ్మ గుర్వమ్మ వైపు చూసింది. గుర్వమ్మ గుమ్మం వైపు చూస్తోంది. లేచింది కానీ పాట ఎత్తుకోలేదు.

"పాడమ్మా, భయమెందుకు?" అన్నారు అమ్మగారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ముందు ఫక్రుద్దీన్, వెనక ఉతికిన పావడాలో జులేఖా. "దేర్ అయ్యింది పంతులమ్మా, మాఫ్ చెయ్యిన్రి," అని ఆయన చెప్పులు విడిచి బయటే నిలబడ్డాడు. వెళ్లిపోలేదు.

గుర్వమ్మ జులేఖా చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. "ముందుగాల గీమె పాడ్తదమ్మా," అంది.

జులేఖా "సోజా గుడియా" అని మొదలుపెట్టింది. గొంతు సన్నగా వణికింది. కొత్త మనిషి, కళ్లద్దాలు, బయట నాయన. మూడో ముక్క దగ్గర మాట తప్పిపోయింది. ఆమె కళ్లు భయంగా ఇటూ అటూ తిరిగాయి.

"బాదల్ లాయా పానీ," అని అందించింది గుర్వమ్మ, చెవి దగ్గర మెల్లగా.

జులేఖా గొంతు కుదురుకుంది. పాట సాగింది. అది ముగిసేచోట గుర్వమ్మ "తిరుగవే ఇసుర్రాయి" అని అందుకుంది. కింద రాగం ఆగలేదు. పైన మాటలు మాత్రం మారాయి. హార్మోనియం రెండిటికీ కలిసి పలికింది.

పాట అయ్యాక అమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చాలా బాగుంది. ఇంతకీ ఎవరిదమ్మా ఈ పాట?"

పిల్లలంతా గుర్వమ్మ వైపు తిరిగారు. బిక్షమ్మ మెడ సాచి మరీ చూస్తోంది. గుర్వమ్మ ఆలోచించింది. మన్ను మోసిన మనిషి, ఫకీరు, పంతులమ్మ గురువుగారు, బొంబాయి ప్లేటు. లెక్క అప్పటికీ తేలలేదు.

"తెల్వదమ్మా," అంది. "మా ఇద్దరికి వస్తది."