అడ్డుతెర విన్న సన్నాయి

డీవీడీలోంచి పాట లాగి సీడీలోకి ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. ఈ కాలంలో పాత డ్రైవ్ ఒకటి దొరకాలి, అంతే. శబ్దాల మీద పరిశోధన చేసే డాక్టర్ వకుళ దాన్ని విశాఖలో ఒక పాతసామాన్ల కొట్లో సంపాదించి, దుమ్ము దులిపి, డిస్కు పెట్టి మీట నొక్కింది. పది సెకన్లలో పెళ్లి వీడియో ఒక పక్కకీ, దాని ఆడియో ఇంకో పక్కకీ వచ్చేశాయి. ల్యాబ్ స్పీకర్లోంచి హుషారుగా సినిమా డ్యూయెట్ మోగింది.

ఎదురుగా కూర్చున్న పైడయ్య మొహం చిన్నబోయింది.

"ఇదేటమ్మా? నా సన్నాయేదీ?"

స్క్రీన్ మీద మాత్రం ఆయనే ఉన్నాడు. నలభై ఏళ్ల కిందటి పైడయ్య, నల్లటి మీసం, జరీ కండువా, బూరెల్లా పొంగిన బుగ్గలు. ఆ బుగ్గల్లోంచి హీరోయిన్ గొంతు వస్తోంది.

విజయనగరం చుట్టుపక్కల రెండు వేల పెళ్లిళ్లకు సన్నాయి ఊదిన మనిషి ఆయన. ఆ రోజుల్లో వీడియో వాళ్లకు ఒక పాడలవాటు ఉండేది. ఎడిటింగ్‌లో పెళ్లి శబ్దమంతా శుభ్రంగా తుడిచేసి, పైన సినిమా పాటలు అతికించేవాళ్లు. పెళ్లివారు కూడా అదే ముచ్చట అనుకునేవాళ్లు. దాంతో అన్ని పెళ్లి వీడియోల్లోనూ పైడయ్య కనిపిస్తాడు, ఒక్కదాంట్లోనూ వినిపించడు. ఎనభయ్యో ఏట ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. తన సన్నాయిని తను ఒక్కసారి వినాలి. అదీ సీడీలోనే. ఇప్పటి పాటలు గాలిలో ఎక్కడో ఉంటాయట, వాటి మీద ఆయనకు నమ్మకం లేదు. చేత్తో పట్టుకుని ఇది నాదని చూపించుకునే వస్తువు కావాలి.

"మీ సన్నాయి ఆడియోలో లేదు తాతగారూ. బొమ్మలో ఉంది," అంది వకుళ.

"బొమ్మలో ఉందని నాకూ తెలుసమ్మా. కనబడతంది కదా. ఇనబడాల."

వకుళ నవ్వి, తను కట్టిన యంత్రం దగ్గరికి తీసుకెళ్లింది. చూడ్డానికి బియ్యం డబ్బా అంత ఉంది. దాని పని ఆమె ఆయనకు చెప్పినట్టే మనమూ చెప్పుకుందాం. శబ్దం తగిలితే ప్రతి వస్తువూ వణుకుతుంది. డోలు చర్మం వణకడం కంటికి తెలుస్తుంది. గుడ్డ, ఆకు, గ్లాసులో నీళ్లు వణకడం తెలియదు. కానీ కెమెరా ఆ వణుకును తనకు తెలియకుండానే బొమ్మలోకి ఎక్కిస్తుంది. ఈ యంత్రం బొమ్మను గీత గీతగా చదివి, ఆ వణుకును ఏరి, మళ్లీ శబ్దంగా మారుస్తుంది.

"పెళ్లిలో బిగించి పట్టుకున్న గుడ్డ ఏదైనా ఉంటే బాగా వస్తుంది," అంది.

పైడయ్య తల గోక్కున్నాడు. "జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్యన అడ్డుతెర పట్టుకుంటారు. అదేటి, గుడ్డకి కూడా సెవులుంటాయేటమ్మా?"

ఉన్నాయి. మూడు రోజులు యంత్రం ఆ తెల్లగుడ్డను చదివింది. నాలుగో రోజు పొద్దున స్పీకర్లోంచి, దూరంగా జల్లు మొదలైనట్టు చిన్న గరగర, దాని వెనక డోలు, ఆ పైన సన్నాయి వచ్చాయి. గట్టిమేళం! వకుళ ఒళ్లు పులకరించింది. ఆమె పైడయ్య వైపు చూసింది. ఆయన అయోమయంగా చూస్తున్నాడు.

"ఎవులిది? బాగానే ఊదినాడు గానీ, నాది కాదమ్మా."

"మీదే తాతగారూ!"

"నాది ఇంత సన్నగా ఉండదు. బరువుగా ఉంటాది. నా సన్నాయి నాకు తెలవదేటి?"

వకుళ గతుక్కుమంది. ఊదే మనిషికి తన పాట చెవుల్లోంచి కన్నా బుగ్గల్లోంచి, ఎముకల్లోంచే ఎక్కువ వినిపిస్తుంది. బయటివాళ్లు విన్న పైడయ్యను పైడయ్య ఎన్నడూ వినలేదు. ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆమె తడుముకుంటుండగా, స్పీకర్లో ఒక గొంతు అరిచింది.

"ఆగండి, ఆగండి! చేతులు అలాగే ఉంచండి! మేళం ఆపండి!"

సన్నాయి మధ్యలో తెగిపోయింది. నాలుగు ఊపిర్ల సేపు అంతా నిశ్శబ్దం.

పైడయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆడే! ఆ వీడియోవోడే! ముహూర్తం దాటిపోతంటే ఫొటో కోసం ఆపించీసినాడు. నోట్లో గాలి నోట్లోనే మింగీసినాను." ఆయన కళ్లు నీళ్లతో నిండిపోయాయి. "అయితే ఇది నానేనమ్మా."

ఆ అరుపునూ ఖాళీనీ కత్తిరిస్తే అతుకు కూడా తెలియదని వకుళ అంది. ఆయన ఒప్పుకోలేదు. అది తీసేస్తే అందులో తను ఉన్నాడని తనకే నమ్మకం కుదరదన్నాడు. సీడీని రెండు చేతులతో అందుకుని, ఆనందం పట్టలేక, "అడిగినోళ్లందరికీ ఇచ్చీయమ్మా!" అనేశాడు.

అందరూ అడిగారు. ఏడాది తిరిగేసరికి, పాత ప్లేయర్లు వెతికి తెచ్చుకుని మరీ, ఏ కల్యాణమండపంలో చూసినా పైడయ్య సీడీయే. అరుపు వచ్చేలోగా మీట నొక్కి ఆపడం మండపాల వాళ్లకు అలవాటైపోయింది. అసలు సిసలు పాతకాలపు మేళం, పైగా పిలిచిన వేళకు మోగుతుంది, టిఫిన్ అడగదు. మేళగాళ్లను పిలవడం మానేశారు. పైడయ్య కొడుకు అప్పన్న డోలు గోడకు వేలాడుతోంది. తండ్రిని ఒక్క మాటా అనలేదు గానీ, సీడీ మోగినప్పుడల్లా బయటికి వెళ్లిపోయేవాడు. తను చేసింది మంచో చెడ్డో పైడయ్యకు అంతుపట్టలేదు.

అలాంటి రోజుల్లో ఒక పెళ్లికి కబురొచ్చింది. తండ్రీకొడుకులు సన్నాయీ డోలూ పట్టుకుని ఉత్సాహంగా వెళ్లారు. పెళ్లి ఏర్పాట్లు చూసే ఈవెంట్ వాళ్ల అమ్మాయి, ఆ సీడీ వేయడం అదే మొదటిసారి, ఇద్దర్నీ వేదిక పక్కన కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పింది.

"తాతగారూ, మీ సీడీ వేస్తాం. మీరు ఊదినట్టు బుగ్గలు పెట్టండి చాలు. గాలి మాత్రం వదలొద్దు, సౌండ్ కలిసిపోతుంది."

పైడయ్యకు బుర్ర తిరిగిపోయింది. ఒకప్పుడు తను ఊదితే వేరేవాళ్ల పాట వినిపించింది. ఇప్పుడు తన పాట వినిపిస్తుంది గానీ తను ఊదకూడదు. ఇందులో ఏది మోసమో తేల్చుకోలేక, బుగ్గలు ఉబ్బించి కూర్చున్నాడు. అవమానంతో ఆ బుగ్గలు మండిపోయాయి.

ముహూర్తం వచ్చింది. అడ్డుతెర పట్టుకున్నారు. పురోహితుడు చెయ్యి ఊపగానే సీడీలో గట్టిమేళం అందుకుంది. వధూవరులు జీలకర్ర బెల్లం ఉన్న చేతులు చాచారు.

"ఆగండి, ఆగండి! చేతులు అలాగే ఉంచండి! మేళం ఆపండి!"

చేతులు గాలిలో ఆగిపోయాయి. పురోహితుడు నోరు తెరిచి నిలబడ్డాడు. ఎవరు ఆపమన్నారో తెలియక పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ముహూర్తం, ముహూర్తం!" అని పెళ్లికూతురి తల్లి గోలపెట్టింది. పైడయ్యకు మాత్రం ఆ నాలుగు ఊపిర్లు కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట మింగిన గాలి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. ఊదేశాడు. తెగినచోటే అందుకుని, సన్నాయి ఎముకల్లో మోగుతుంటే, వరస పూర్తిచేశాడు. అప్పన్న డోలు మీద విరుచుకుపడ్డాడు. చేతులు కదిలి తలల మీదికి చేరాయి. సీడీ మళ్లీ మొదలైంది గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

వారం తర్వాత పైడయ్య ఆ పెళ్లి వీడియో పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. వకుళ పెట్టి చూసింది. ముహూర్తం దగ్గర జరిగిన గందరగోళం పెళ్లివారికి నచ్చలేదు కాబోలు, ఎడిటింగ్ వాళ్లు ఆ భాగం శబ్దం మొత్తం తుడిచేశారు. పైడయ్య బుగ్గల్లోంచి కొత్త సినిమా పాట వస్తోంది.

ఆమె వీడియో ఆపేసింది. "అయ్యో, తాతగారూ..." అంది.

"నానూదినంతసేపూ అడ్డుతెర దించలేదమ్మా. నాను సూసీసినాను," అన్నాడు పైడయ్య, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఈసారి ఒక్క సీడీయే తియ్యి. ఎవులికీ ఇవ్వకు."