చివరి వరసలో తట్టే చప్పుడు

ఊరి బయట పాత కార్ల యార్డులో చివరి వరస మంచిది కాదు. ఈ మాట నాది కాదు, అక్కడ పనిచేసేవాళ్ళదే. ముందు వరసల్లో అమ్మకానికి పెట్టినవి ఉంటాయి, పెళ్ళికొడుకుల్లా కడిగి తుడిచి. వెనక్కి వెళ్ళేకొద్దీ సొట్టలు, పగిలిన అద్దాలు. ఆఖరున, గోడ పక్కన చీకట్లో, ప్రమాదాల్లో నుజ్జయినవి. అంటే... మనుషులు పోయిన బళ్ళు.

రెండు రాత్రులుగా అక్కడ చప్పుడు వినిపిస్తోందని వాచ్‌మన్ మొదలెట్టాడు. ఎవరో రేకు మీద తడుతున్నట్టు — టంగ్... టంగ్... కాసేపు ఆగి, మళ్ళీ టంగ్. పిల్లులు అంత పద్ధతిగా తట్టవు కదా! ఆ వరసలోకి కొత్తగా వచ్చింది ఒకటే, చిన్న ఎర్ర కారు. అందులో పోయినవాడే వచ్చి తన బండి తట్టి చూసుకుంటున్నాడని టీ తాగుతూ అందరూ తేల్చేశారు.

పోయినవాడు వేరెవరో కాదు. మేస్త్రి అల్లుడు.

మేస్త్రి అంటే ఆ యార్డు కార్లకి సొట్టలు తీసి రంగులు వేసే ముసలాయన. వెనకాల అందరూ ‘పుట్టీ మేస్త్రి’ అనేవారు. వేలి కణుపుతో రేకు మీద తట్టాడంటే లోపల సంగతి చెప్పేసేవాడు. గట్టి ఇనుమైతే టంగుమంటుంది. తుప్పు తినేసిన చోట పుట్టీ నింపి రంగేసి ఉంటే దబ్బుమంటుంది. ఇంకొకరు పెట్టిన పుట్టీని అరక్షణంలో పట్టేసేవాడు. తను పెట్టింది మాత్రం ఎవరికీ దొరకనిచ్చేవాడు కాదు. పుట్టీ వెనక పల్చటి రేకు ముక్క పెట్టి, మామూలు చెవికి అది కూడా టంగుమనేలా చేసేవాడు. ఆ పనితనం చూసుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడాను.

ఆ ఎర్ర కారుకి రెండు వైపులా, తలుపుల కింద పొడుగ్గా ఉండే పట్టీలు జల్లెడైపోయి ఉంటే, అలా మూసింది మేస్త్రే. మూసి, నల్లరంగు కొట్టి, మర్చిపోయాడు. ఏడాది తర్వాత అల్లుడు ఆ కారునే కొని, మామగారికి చూపిద్దామని సంబరంగా గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టాడు. చూడగానే గుర్తుపట్టాడు మేస్త్రి. చెబుదామని నోరు తెరిచి... బావుందయ్యా అన్నాడు. చెబితే తన పరువు పోతుంది. ఎప్పుడో ఒకరోజు వీలు చూసుకుని, అల్లుడికి తెలీకుండా వెల్డింగ్ చేసేద్దాంలే అనుకున్నాడు. ఆ ఒకరోజు ఎనిమిది నెలలైనా రాలేదు.

తర్వాత ఒక సాయంత్రం చౌరస్తాలో పక్కనుంచి వచ్చిన వ్యాను గుద్దింది. పెద్ద దెబ్బేం కాదు, వ్యానువాడికి గీత కూడా పడలేదు. కారు మాత్రం అట్టపెట్టెలా లోపలికి మడుచుకుపోయింది.

ఇక మేస్త్రికి మిగిలింది కూతురు ఒక్కతే. ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది, భర్త పోయాక తండ్రి దగ్గరికే వచ్చేసింది. ఆమెకి తెలియకూడదు. తిండి తింటున్నా, పడుకున్నా అతనికి అదే ధ్యాస. తెలిసిందంటే ఆ ఇంట్లో ఇక నిలవదు, తన మొహం చూడదు.

చప్పుడు మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఆమెను షోరూముకి తీసుకెళ్ళాడు. చిన్నదైనా సరే, కొత్తదే కావాలని పట్టుబట్టాడు. పాతది వద్దు, ఎంత బావున్నా వద్దు. షోరూము కుర్రాడు కారులోని తెర మీద పాటలు పెట్టి చూపిస్తుంటే, మేస్త్రి ఆ నిగనిగలాడే నేల మీద బోర్లా పడుకుని కింద వెతికాడు. తలుపుల అడుగున నీళ్ళు కారే రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయేమో చూశాడు. చక్రాల పైన వంపులు వేళ్ళతో తడిమాడు, డిక్కీలో తివాచీ ఎత్తి స్పేర్ చక్రం కింద తడి ఉందా అని తుడిచి చూశాడు. కొత్త కారుకి తుప్పేంటి తాతా అని ఆ కుర్రాడు నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"ఆయన కారు కూడా ఇలాగే చూశావా నాన్నా?"

నాకు చెప్పకుండా కొన్నాడు కదమ్మా, అన్నాడు మేస్త్రి.

"కొన్న తర్వాత?"

ఇందులో ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయట అని మేస్త్రి మాట దాటేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, నైట్ డ్యూటీ ఉందని అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఇన్సూరెన్స్ సర్వేయర్ కారు చూడ్డానికి వస్తాడని కబురొచ్చింది. డ్రైవర్ వైపు పిప్పి అయిపోయింది కాబట్టి అందులో ఏమీ తెలియదు. గోడవైపు పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ మేస్త్రి పుట్టీ అలాగే ఉంది. దాన్ని రాలగొట్టేస్తే మిగిలేది తుప్పు. తుప్పు పట్టడం ఎవరి నేరమూ కాదు.

సంచిలో సుత్తి, పుట్టీ గీకే గోకుడుబిళ్ళ వేసుకుని యార్డుకి బయల్దేరాడు.

వాచ్‌మన్ గేటైతే తీశాడు గానీ యార్డు మధ్యలో ఉన్న క్రేను దాటి అడుగు వేయనన్నాడు. "వద్దు మేస్త్రీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇవాళ కూడా మొదలైంది."

మేస్త్రి దెయ్యాల్ని నమ్మే రకం కాదు. అయినా అడుగులు చిన్నవైపోయాయి. టార్చి వెలుగు రోడ్డుమీదివాళ్ళకి కనిపిస్తుందని ఆర్పేశాడు. చీకట్లో కార్లు తడుముకుంటూ ఒక్కో వరసే దాటాడు... నాలుగు... అయిదు... గాలి లేదు. ఎక్కడా కుక్క కూడా అరవడం లేదు.

అప్పుడు వినిపించింది.

టంగ్...

మేస్త్రి ఆగిపోయాడు. ఎలుకలే అయ్యుంటాయని తనకి తనే చెప్పుకుని ఇంకో రెండడుగులు వేశాడు.

టంగ్... టంగ్...

ఎర్ర కారు దగ్గరే. అవతల, గోడవైపు. కారు కింద నేల మీద సన్నగా, తెల్లగా ఏదో వెలుగు... ఆ వెలుగులో ఒక చేతి నీడ. వేళ్ళు ముడిచి పట్టీ వెంట మెల్లగా జరుగుతోంది. తట్టి — ఆగి — చెవి పెట్టి వింటున్నట్టు. అచ్చం తను తట్టినట్టే. అల్లుడికి సరదాకి ఒకసారి అలా తట్టడం నేర్పిన సంగతి మేస్త్రికి గుర్తొచ్చింది.

టంగ్... టంగ్...

దబ్.

ఆ తేడా లోకంలో ఇంకెవరికీ తెలియదు. మేస్త్రికి తెలుసు. చేతిలో సంచి జారి సుత్తి నేల మీద పడింది. తట్టే చప్పుడు టక్కున ఆగిపోయింది. వెలుగు ఆరిపోయింది.

అవతల ఎవరో ఊపిరి బిగబట్టారు.

"బాబూ..." అన్నాడు మేస్త్రి. అక్కడే కూలబడ్డాడు. "దొరికింది కదా బాబూ... నేనే మూశాను. రెండువైపులా నేనే. నువ్వు కారు తెచ్చిన రోజే నాకు తెలుసు... పరువు పోతుందని నోరు విప్పలేదు. నన్నేం చేసినా చేసుకో. పిల్లకి మాత్రం చెప్పకు... దానికి నేను తప్ప ఎవరూ లేరు."

అవతల మట్టి మీద చెప్పు రాసుకున్న చప్పుడైంది.

తర్వాత కారు అవతల ఎవరో లేచి నిలబడ్డారు. ఫోను వెలుగు మళ్ళీ వెలిగింది. కింద నుంచి పడిన ఆ వెలుగులో పాలిపోయిన మొహం... ల్యాబు కోటు... చెదిరిన జుట్టు.

"నాన్నా," అంది కూతురు.

దెయ్యమే అయ్యుంటే ఎంత బావుండేదని మేస్త్రికి అనిపించింది.

"మూడు రాత్రులుగా డ్యూటీ అని చెప్పి, వెనక గోడ విరిగిన చోట నుంచి వస్తున్నాను," అంది ఆమె. గొంతులో కోపం కూడా లేదు. "కారు అలా మడుచుకుపోయిందంటే అది నీ పుట్టీ పనే అని అందరూ అంటున్నారు. కాదని రేపు ఆ సర్వేయర్ ముందు ధైర్యంగా చెప్పాలనుకున్నాను. చక్రాల పైన తట్టాను, తలుపులు తట్టాను, ఈ పట్టీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తట్టాను. అంతా ఒకేలా మోగింది నాన్నా. హమ్మయ్య, మా నాన్న చేయలేదు అనుకున్నాను. ఇంటికి వెళ్ళిపోదామని లేస్తున్నాను."

మేస్త్రి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఎక్కడో చూపించు," అంది.

అతను పాకుతున్నట్టే కారు చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె చేయి పట్టుకుని ఆ చోట పెట్టబోతే చేయి వెనక్కి లాక్కుంది. చివరికి తనే తట్టాడు. ముందు పక్కన. తర్వాత అక్కడ.

"ఇంకోసారి," అంది.

తట్టాడు.

"ఇప్పుడు వినిపించింది," అంది.

పొద్దున సర్వేయర్ వచ్చేదాకా ఆమె ఆ చోట చేయి ఆనించి అక్కడే కూర్చుంది. మేస్త్రి కాస్త దూరంగా కూర్చున్నాడు, దగ్గరికి రమ్మని ఆమె అనలేదు. తెల్లారాక సర్వేయర్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఈ వైపు బాగానే ఉన్నట్టుందే అన్నాడు. కూతురు తండ్రి వైపు చూసింది. మేస్త్రి లేచి వచ్చి, సంచిలోంచి గోకుడుబిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఎక్కడ గీకాలో వేలితో చూపించాడు.