సారయ్యకు పెట్టిన బువ్వ

సిరిసిల్లల మా అక్కోళ్ల వాడకట్టుకు పోయి చంద్రయ్య కార్ఖాన యాడ అని అడుగుండ్రి — చెయ్యి చాపి చూపిస్తరు, గని ఎంబడి రారు. పొద్దుగూకినంక ఆ ఎనుక గల్లీల నుంచి కుక్క గూడ పోదంటరు. అండ్ల సారయ్య ఉంటడట. సచ్చినా సాంచ ఇడిశిపెట్టలేదట.

నవ్వకుండ్రి. చేటలు ముంగటేసుకోని బీడీలు చుట్టుకుంటనే వినుండ్రి, చేతులాపితే ఇయ్యాల కట్టలు కావు. ఇది నేను కండ్లార చూసింది గాదు, మా అక్క లక్ష్మవ్వ చెప్పింది. మా అక్క నోట్లె అబద్ధం రాదు. మా బావ నోట్లెకెల్లి ఒక్కటి అచ్చింది... గా ఒక్కదాని ముచ్చటే ఇది.

మా బావ ఎల్లేశం పొద్దంత వేరేటోళ్ల కార్ఖానల సాంచాలు నడిపేటోడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు, మీకు తెల్వందా. పొద్దంత గా సప్పుడుల నిలవడి ఇంటికస్తే, ఇంటెనుక గోడకు ఆనుకోని చంద్రయ్య పెరట్ల ఇంకో నాలుగు సాంచాలు! నడుమ ఒక్క ఇటుక మందం గోడ. ధడక్ ధడక్ ధడక్ — తెల్లందాక. గూట్ల గిన్నెలు వణికేటియట. బిడ్డ సుస్మిత ఉయ్యాలల ఉన్నప్పుడు నిద్ర లేక ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

అక్క ఊకుంటదా? గోడకాడ నిలవడి కొంగు నడుముకు చెక్కి కొట్లాడింది. చంద్రయ్యేమో పెద్ద మాటకారి. "నువ్వు నా చెల్లె అసొంటిదానివి లక్ష్మీ. గీ దసరాకు సాంచాలు అవుతలి గోడకు జరుపుత" అనేటోడు. నాలుగు దసరాలు పోయినయి. సాంచ ఇంచు జరుగలే.

గోడ పక్క సాంచ నడిపేటోడు సారయ్య. బక్క మనిషి, బీడీ లేంది చెయ్యి ఆడదు. చంద్రయ్యకు దమ్ము రోగం. నూలు దుమ్ముకు రొమ్ము పాడై, బీడీ పొగ జరంత తలిగినా గల్లీ లేచేటట్టు దగ్గుతడు. కార్ఖానల బీడీ ముట్టిస్తే సారయ్యను బూతులు తిట్టేటోడు. గందుకే సారయ్య గోడకాడికి అచ్చి మా బావ దిక్కు పొగ ఇడిశేటోడు. గోడకు అటొకలు ఇటొకలు నిలవడి ఇద్దరు ఎన్ని ముచ్చట్లు పెట్టుకునేటోళ్లో.

రెండువేల పది ఎండాకాలం... ఒకనాటి రాత్రి సారయ్య గోడకాడికి అచ్చిండు. బీడీ ముట్టియ్యలే. "రొమ్ముల నొస్తుంది ఎల్లేశం. ఇంటికి పోత అంటే, సాంచకు ఎక్కిన నూలు బీము ఒడగొట్టినంకనే పో అంటుండు చంద్రయ్య" అన్నడు.

బీము ఒడువలేదు. సారయ్యే సాంచ మీద ఒరిగిండు.

జరసేపటికి గోడ మీదికెల్లి చంద్రయ్య తలకాయ లేచింది. చెమటలు కారుతున్నయి. "ఎల్లేశం... కార్ఖానల పాణం పోయిందంటే తాళమేస్తరు. నీ అరుగు మీద బీడీ తాగుకుంట ఒరిగిండని చెప్పు. దండం పెడుత. రేపే సాంచాలు జరుపుత, సప్పుడుండది — కొండగట్టు అంజన్న మీద ఒట్టు!"

మా బావ చెప్పిండు. పోలీసోళ్లకు చెప్పిండు, కులపోళ్లకు చెప్పిండు. సారయ్య పెండ్లాం ఎల్లవ్వ అడిగింది — "పనిల పోలేదా, ఎల్లేశం?" 

"లేదు వదినె. నా అరుగు మీద..." అన్నడు, ఆమె మొకం చూడకుండ.

పనిల పోయిండని తేలితే ఆ ముండమోసినామెకు ఏదో ఒక ఆసరా అయితుండె. అదీ లేకపాయె. సప్పుడు లేని నిద్ర కోసం ఒక ఆడామె నోట్ల మన్ను కొట్టిండు. మా బావే గావచ్చు, నేను అంటనే ఉంట!

సాంచాలు జరిపిండా? థూ. గని సప్పుడు మాత్రం బందైంది. పనోళ్లు రాత్రిపూట ఆ కార్ఖానల అడుగు పెట్టమన్నరు. సారయ్య సాంచ కాడ బీడీ వాసనొస్తుందన్నరు. ఏడాది పొడుగుత రాత్రులు కడుపు సల్లగ పడుకున్నది మా అక్క. బావకు నిద్ర పట్టలే. ఆయన కోరుకున్న నిశ్శబ్దమే ఆయనను పొడిచింది.

మరుసటేడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. యాదికున్నదా? బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గుబాయిలు బంద్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల — యాడ చూసినా టెంట్లే. అక్కోళ్ల వాడకట్టు మూలమీద గూడ టెంటేసిండ్రు. సాంచ ఒక్కటి తిరుగొద్దని అందరు చెయ్యి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నరు. మొదటి చెయ్యి ఎవలది?

చంద్రయ్యది.

"ఎల్లేశం, పస్తులుందాం గని సాంచ ముట్టొద్దు. నువ్వు నేను ఒక్కటే" అన్నడట బావను కావలిచ్చుకోని. బావకు కండ్లల్ల నీళ్లు తిరిగినయట. పిచ్చి మనిషి.

రెండు వారాలకు ఇంట్ల బియ్యం డబ్బ అడుగు కనవడ్డది. అయినా బావ పనికి పోలే. ఒట్టంటే ఒట్టే.

అప్పుడు... ఒకనాటి రాత్రి.

బొగ్గు లేక కరెంటు ఎప్పుడస్తుందో ఎప్పుడు పోతుందో తెల్వని రోజులు. నడిజాముల గల్లీ దీపం గప్పున ఎలిగింది. జరసేపు ఏం లేదు. తర్వాత...

ధడక్.

...ధడక్. ధడక్.

అక్క దిగ్గున లేచింది. చూస్తే బావ అప్పటికే లేచి గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు.

"సారయ్యే" అన్నడు. "సమ్మెల ఇంకెవలు నడుపుతరు? ఆడే."

తెల్లారి టెంటుకాడ చంద్రయ్యను పక్కకు పిలిచి చెప్పిండు. చంద్రయ్య మొకం తెల్లగ పాలిపోయింది. చుట్టుముట్టు చూసి చిన్నగ అన్నడు — "నేను గూడ విన్న. ఆడు నా కోసం రాలే ఎల్లేశం... అబద్ధమాడింది నువ్వు గద. పాపం, ఆనాడు బువ్వ తినకముందే పోయిండు. ఆకలితోని తిరుగుతుండు."

ఆ మాపటికే బండి మీద కొండగట్టు పోయి, నల్లదారం తెచ్చి కార్ఖాన తలుపుకు కట్టిండు. ఎవ్వలు ఇటు రావొద్దని వాడకట్టంత చెప్పిండు. ఎవలస్తరు? కిటికీలు గూడ మూసుకున్నరు.

బావ ఆ రాత్రి సంది సారయ్యకు బువ్వ పెట్టుడు మొదలుపెట్టిండు. అక్క కుట్టిన మోదుగాకు ఇస్తారిల ఇంత బువ్వ, ఉల్లిగడ్డ కారం, ఉడుకబెట్టిన గుడ్డు. గోడ మీద పెట్టేటోడు. గోడ కింద బావోళ్ల దిక్కు, సారయ్య నిలవడే జాగకు ఎదురుంగ, అక్క చుట్టిన బీడీ ఒకటి, అగ్గిపెట్టె. పొద్దుగాల లేచి చూస్తే ఇస్తారి నాకినట్టు ఉండేది. బీడీ దారం దాక కాలిన ముక్కయి పడి ఉండేది.

ఇంట్ల ఉన్నది ఒక్క కోడి. అది దినాం పెట్టేది ఒక్క గుడ్డు. ఆ గుడ్డు సుస్మితది. ఐదేండ్ల పిల్ల, పస్తుల ఇంట్ల ఆ గుడ్డు మీదనే బతుకుతున్నది.

"అవ్వా, సారయ్య పెద్దనాయిన గుడ్డు మొత్తం తింటడా? జరంత గూడ ఇడిశిపెట్టడా?" అని అక్కను అడిగిందట. అక్క ఇది చెప్పేటప్పుడు నా చేతులు ఆగినయి. మీయి గూడ ఆగినయి, చూసుకోండ్రి.

ఎనిమిది రాత్రులు గట్లనే. ఎనిమిదో రాత్రి అక్క చెవు పెట్టి విన్నది. ధడక్ ధడక్... గల్లీ దీపం ఆరిపోయింది... సప్పుడు ఆగింది.

"ఏమయ్యా, కరెంటు పోంగనే దయ్యం గూడ ఆగుతుందేంది?"

"ఆడు కరెంటు సాంచ నడిపినోడే. కరెంటు లేకుంటే ఎట్ల నడుపుతడే?" అన్నడు మా బావ. చూసిండ్రా తెలివి! దయ్యానికి గూడ కరెంటాఫీసు లెక్కలు చెప్పిండు.

అక్క ఊకోలే. తొమ్మిదో రాత్రి బీడీ పెట్టకముందే బావ రెట్ట పట్టుకోని గోడకాడికి గుంజుకపోయింది. ఇద్దరు గోడకు వీపు ఆనిచ్చి కూసున్నరు. వీపులకు సాంచ సప్పుడు తలుగుతున్నది. ధడక్... ధడక్...

గప్పున చీకటైంది. సాంచ ఆగింది.

అవుతల అడుగులు... ఒకటి... రెండు... గోడ దాక అచ్చినయి. తలల మీద ఇస్తారి గరగరమన్నది. ఒక చెయ్యి దాన్ని అవుతలికి గుంజుకున్నది.

నములుతున్న సప్పుడు. గుడ్డు పొట్టు ఒలుస్తున్న సప్పుడు.

బావ రెండు చేతులు జోడిచ్చి గోడకే చెప్పుకున్నడు — "సారయ్యా... అబద్ధం చెప్పిన. నా అరుగు మీద పోలేదు నువ్వు. నీ ఎల్లవ్వను మోసం చేసిన. నన్ను ఇడిశిపెట్టు... పిల్లకు గుడ్డు లేదు సారయ్యా."

నమలుడు ఆగింది.

తర్వాత ఒక దగ్గు. ఇంకో దగ్గు. ఆపుకుందామన్నా ఆగని దగ్గు.

ఆ దగ్గు గల్లీల పసిపిల్లలు గూడ గుర్తువడుతరు.

అక్క లేచి సెల్లు లైటు కొట్టింది. తలకు రుమాలు, రుమాలు నిండ నూలు దుమ్ము, బుగ్గల గుడ్డు — చంద్రయ్య! ఎనుక తెరిచిన తలుపుల నుంచి సగం నేసిన బట్ట కనవడుతున్నది. తలుపుకు నల్లదారం ఊగుతున్నది.

"ఎల్లేశం... ఎవలకు చెప్పకు" అన్నడు. "ఆర్డరు పోతే మళ్ల రాదని... నాకు మాత్రం ఇల్లు లేదా?"

బావ ఒట్టు గురించి అడుగలే. సాంచ గురించి అడుగలే.

"గుడ్డు గూడనా, చంద్రన్నా?"

చంద్రయ్య తల దించుకున్నడు. "తినకుంటే... నువ్వు నమ్మవు గద."

నమ్మవు గద! ఇనుండ్రి ఆ మాట. పక్కింటి పిల్ల నోటికాడి గుడ్డు తిన్నది ఆకలికి గూడ గాదు. నమ్మిన మనిషి నమ్మకం చెడకుండ చూసుకునేటందుకు.

తెల్లారి టెంటుల నిరాహార దీక్షకు చంద్రయ్య వంతు. మెడల దండ, నుదుట బొట్టు, ముంగట మైకు. రాత్రి మా బావ ఏం మాట్లాడకుండ లోపలికి పోయిండు గద, గప్పుచుప్పుగ ఉంటడనుకున్నడు. ఎప్పుడు ఉన్నోడే గదాని.

బావ అచ్చిండు, ఎంబడి అక్క, సుస్మిత. చేతుల ఇస్తారి. దాంట్లె బువ్వ, ఉల్లిగడ్డ కారం, ఆనాడు కోడి పెట్టిన గుడ్డు. దీక్షల కూసున్న మనిషి ముంగట పెట్టిండు.

"తిను సారయ్యా" అన్నడు. "రాత్రి సగంల లేపినం."

టెంటంత మైకుల చంద్రయ్య శ్వాస ఇనవడుతున్నది.

ఇగ బావ మొత్తం చెప్పిండు. సాంచ ముచ్చట చెప్పి ఆగలే. తన అబద్ధం గూడ చెప్పిండు, ఆడోళ్లల్ల కూసున్న ఎల్లవ్వ దిక్కు తిరిగి. కొడుతరనుకున్నడు. కొట్టినా మంచిగుండు.

ఎల్లవ్వ లేచింది. ఒక్కటే అడిగింది — "ఆ రాత్రి... ఇంటికి పోత అన్నడా ఆయన?"

"అన్నడు వదినె. నాతోనే అన్నడు."

ఆమె కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. జరసేపటికి వంగి, ఇస్తారిలకెల్లి గుడ్డు తీసి సుస్మిత చేతుల పెట్టింది. బువ్వ చంద్రయ్య ముంగటనే ఉన్నది. ఈగలు ముసిరినయి.

ఆ మాపటీలి చంద్రయ్య గోడకాడికి అచ్చిండు. వాడకట్టు తిట్టిన తిట్లకు మనిషి సగమైండు. తిట్టెటందుకే అచ్చిండనుకున్నది అక్క.

"బువ్వ తిన్న. గుడ్డు తిన్న. కాదన" అన్నడు. "గని టెంటుల బీడీ అన్నవేంది? ఏం బీడీ, ఎల్లేశం? నేను... గోడ దిగి మీ దిక్కు ఎన్నడు రాలే."

అక్క బావ ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. పొగ తలిగితే పాణం పోయినట్టు దగ్గే మనిషి. ఎనిమిది రాత్రులు... ఎనిమిది ముక్కలు. దారం దాక కాలినయి.

ఆ రాత్రి బావ బువ్వ పెట్టలే. బీడీ ఒక్కటే పెట్టిండు, సారయ్య నిలవడే జాగకు ఎదురుంగ. పక్కకు అగ్గిపెట్టె. ఇద్దరు తెల్లందాక కన్ను మూయలే. సాంచ సప్పుడు లేదు. అడుగు సప్పుడు లేదు.

పొద్దుగాల పోయి చూసిండ్రు. బీడీ పెట్టింది పెట్టినట్టే ఉన్నది. మంచుకు జర తడిసింది. "ఇంటికి పోయిండు" అన్నడు బావ.