వెనక ట్రిగ్గర్

ఫిబ్రవరి పదకొండు. ఆ ఉదయం 'తుప్పు' తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, ఒక టోస్టు. ఎదురు టేబుల్ దగ్గర అతని భార్య తన ఆమ్లెట్‌ను సగానికి కోసి ఇంకొకడి ప్లేట్లో వేసింది. అందుకే ఆ తేదీ అతనికి ఈనాటికీ గుర్తు.

ఆ ఇంకొకడు వాళ్ల గూఢచారి డిపార్ట్‌మెంట్‌లోకెల్లా అందగాడు. కోడ్‌నేమ్ నెమలి. భార్య కోడ్‌నేమ్ మెరుపు. పనిమీద దిగిన షూటింగ్ క్లబ్‌లో ఆ ఇద్దరివీ కోటీశ్వర దంపతుల వేషాలు. తుప్పు వాళ్ల తుపాకీ మోసి తూటాలు నింపే లోడర్. పెట్టుడు మీసం, చెమట పడితే ఊడే రకం.

ముందురోజు బ్రీఫింగ్‌లోనే అతని కడుపు మండింది.

"ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన రాయబారి రేపు క్లబ్‌కి వస్తున్నాడు" అన్నాడు బాస్. "ఒక విదేశీ ముఠా ఆయన్ని లేపేయాలని చూస్తోంది. యాక్సిడెంట్‌లా కనిపించాలట. హంతకుణ్ణి పట్టుకోండి. డేంజర్ అయితే కోడ్: గాలి మారింది."

"మొగుడి వేషం నేను వేస్తాను సార్. ప్రాక్టీసుంది."

"ఆ మొహంతో కోటీశ్వరుడివా? నువ్వు లోడర్‌వి."

బాస్ నవ్వలేదు. అంతవరకు దయ.

మధ్యాహ్నం రేంజ్‌లో తుప్పు చెవులకు పేలుడు చప్పుడు ఆపే మఫ్స్ పెట్టుకున్నాడు. వాటిలో చిన్న రిసీవర్. మెరుపు భుజం మీది బ్రూచ్ పిన్నులో మైక్. వాళ్లు గుసగుసలాడినా అతనికీ, బాస్‌కీ వినిపిస్తుంది. వినిపించకపోతే బాగుండు.

"మీ ఆయన మీకు పూలు తెస్తాడా మేడమ్?"

"పూలా? ఒంటినిండా తుపాకీ నూనె వాసన తెస్తాడు."

ఇద్దరూ నవ్వారు. తుప్పు తన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నెమలి చేతిలో డబుల్ బ్యారెల్ షాట్‌గన్. రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది. దాని మూతి వదులు. సీసపు గుండ్లు త్వరగా విచ్చుకుని దగ్గరి గురికి పనికొస్తాయి. వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది. దాని చోక్, అంటే మూతి, బిగుతు. గుండ్లు విడిపోకుండా గుంపుగా దూరం వెళ్తాయి. గాల్లోకి విసిరే మట్టి బిళ్ల మనిషి నుంచి దూరంగా పోతుంది. కాబట్టి ముందు కుడి, అది తప్పితే ఎడమ.

నెమలి మొదటిది తప్పడం, రెండోదానితో బిళ్లను పొడి చేయడం, మెరుపు చప్పట్లు కొట్టడం. పొద్దుట్నుంచీ ఇదే తంతు.

"రెండోది నాకెప్పుడూ తప్పదు మేడమ్."

ఇక తుప్పు వల్ల కాలేదు. ట్రిగ్గర్లు పరీక్షించే, పేలని డమ్మీ తూటా అతని జేబులో ఉంది. అడుగు ఇత్తడిదే, చూడ్డానికి తేడా తెలియదు. కుడి గొట్టంలో అసలు తూటా, ఎడమ గొట్టంలో డమ్మీ పెట్టి, తుపాకీ మూసి నెమలికిచ్చాడు. ఇప్పుడు చప్పట్లు కొట్టు, చూస్తాను, అనుకున్నాడు.

అప్పుడే పచ్చిక చివర రాయబారి కనిపించాడు. గొడుగు ఊపుకుంటూ ఒక్కడే వాళ్లవైపు నడిచి వస్తున్నాడు. మెరుపు ఆయనకు చెయ్యి ఊపింది.

నెమలి తుపాకీ ఎత్తాడు. బిళ్ల విసరమని చెప్పలేదు. వేలు మాత్రం వెనక ట్రిగ్గర్ మీదకు వెళ్లింది.

ముందే బిగుతు గొట్టమా? గురి దూరంలో ఉండి మనవైపు వస్తున్నప్పుడు పేల్చే వరుస అది. దూరానికి బిగుతు, దగ్గరయ్యాక వదులు. ఇక్కడ బిళ్లలన్నీ పోయేవే. వచ్చేది ఒక్కటే, దాని చేతిలో గొడుగుంది.

కుళ్లుతో అలా అనిపిస్తోందా? అర క్షణం అతనికి తన మీదే నమ్మకం చాలలేదు.

"గాలి మారింది!" అని అరిచాడు.

నెమలి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్.

మరుక్షణం వేలు ముందు ట్రిగ్గర్‌కు జారింది. తుప్పు గొట్టాలను రెండు చేతులా ఆకాశానికి ఎత్తేశాడు. ఢాం! తుప్పు మీసం ఊడి నెమలి కోటు మీద పడింది. మెరుపు నెమలి మణికట్టు మెలిపెట్టి మొహాన్ని గడ్డిలో ఆనించింది.

రాయబారి దగ్గరికొచ్చి, "గురి తప్పిందా పాపం?" అన్నాడు.

"ఇవాళ గాలి బాలేదండీ" అన్నాడు తుప్పు.

సాయంత్రం నెమలిని తీసుకుపోయాక బాస్ అడిగాడు. "ఎడమ గొట్టంలో డమ్మీ పెట్టావంటే వాడి మీద ముందే అనుమానమన్నమాట."

"అనుమానమే సార్."

"ఏ విషయంలో?"

తుప్పు దగ్గాడు. బాస్ బ్రూచ్ వైపు, మెరుపు వైపు చూశాడు. "రిపోర్ట్‌లో ముందుజాగ్రత్త అని రాసుకుంటాలే."

గదికి చేరాక తుప్పు ఉండబట్టలేక అడిగేశాడు. "వాడి మీద నీకూ అనుమానమేనా?"

"లేకపోతే అంత అతుక్కుని తిరుగుతానా?"

"మరి ఆమ్లెట్?"

"అడుగంతా మాడింది. నీకెలా పెడతాను?"

అతను లేచి సబ్బు కోసం వెతికాడు.

"కడుక్కోకు. ఆ నూనె వాసన నాకు అలవాటైపోయింది."

మెరుపు బ్రూచ్ తీసి, బాస్‌కి వినపడేలా దానికి గుడ్ నైట్ చెప్పి, వరండాలో చెప్పుల పక్కన పెట్టింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూసింది.