పింకీ పెట్టిన బంద్

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. అమీర్‌పేటలోని ఆ చిన్న సర్కారు లైబ్రరీలో నలభై కుర్చీలున్నాయి. నలభైకి నలభై ఖాళీ!

మామూలు రోజైతే ఈపాటికి కుర్చీ దొరకడమే గగనం. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చుంటారు. అలాంటిది ఈ రోజే, అదీ ఆఫీసరు వచ్చిన రోజే, ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

ఆఫీసరు రామ్మోహనరావు గారు కారు వెనక సందులో ఆపి, సిబ్బంది వచ్చే వెనక తలుపు నుంచే వచ్చారు. ఓ మూల కూర్చుని గంటకో సున్నా చుడుతున్నారు. చదివేవాళ్లు లేకపోతే లైబ్రరీ మూసేద్దామని పై ఆఫీసులో అనుకుంటున్నారు. ఎంతమంది వస్తున్నారో సాయంత్రం ఐదు వరకు చూసి రాయమని ఆయన్ను పంపారు.

పింకీ వాళ్ల అమ్మ మంజూష ఇక్కడే అటెండర్. ఆమె చీరకు నల్ల బ్యాడ్జీ ఉంది. యూనియన్ నాయకుడు ఓదెలు చొక్కాకూ ఉంది. లైబ్రరీ మూయొద్దంటూ ఉద్యోగులు చేస్తున్న నిరసన అది. పాపం, మంజూష ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇక మన పింకీ! ఐదో తరగతి పూర్తి చేసి సెలవుల్లో ఉన్న ఆ పిల్ల బీరువా వెనక నిలబడి ముసిముసిగా నవ్వుతోంది. ఇక ఆగలేక అమ్మ కొంగు పట్టి బీరువా వెనక్కి లాగి గుసగుసగా చెప్పింది.

"మమ్మీ, మన బంద్ సక్సెస్! ఒక్కరు సుత రాలే!"

"ఏం బందే?"

"నిరసన అన్నరు గదా! పొద్దున గేటు తీయమని నాకు తాళంచెయ్యి ఇచ్చినవ్ చూడు, నేను తీయలే. చార్టు మీద 'ఈ రోజు బంద్' అని ఎర్ర స్కెచ్‌తోని రాసి గేటుకు అంటించిన. మస్తు పెద్దగ రాసిన!"

మంజూష నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎంత పని చేసినవే పింకీ!"

నిరసన అంటే తలుపులు మూసేయడమే అనుకుంది పింకీ. టీవీలో అలాగే చూసింది మరి. ఎవరినైనా ఒక్క మాట అడిగిందా? అడగలేదు. అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది!

మంజూష కొట్టడానికి చెయ్యెత్తింది. ఓదెలు అడ్డం వచ్చాడు.

"ఆగు చెల్లె. బిడ్డా, ఇటు రా. మనం బంద్ పెడితే ఎవరికి నష్టం? చదువుకునే పోరగాండ్లకే గదా. అందుకే బ్యాడ్జీ పెట్టుకొని, రోజుకంటె ఒక గంట ఎక్కువ పని చేస్తున్నం. గీ లైబ్రరీ ఎంతమందికి అక్కరకొస్తదో ఆఫీసరోళ్లను కండ్లార చూడనిద్దామని."

పింకీ నవ్వు ఎటుపోయిందో! కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి ఇప్పుడెట్ల మామా?"

"ఐదు దాక టైముంది."

అంతే! పింకీ ఒక్క పరుగున వెళ్లి చార్టు చింపేసింది. గేటు బార్లా తెరిచింది. ఎదురింటి కేదార్ సైకిల్ తుడుచుకుంటున్నాడు.

"ఏంటి పింకీ, ఏమైంది?"

"తర్వాత చెప్త. నేను వెనక కూసుంట, నువ్వు తొక్కు!"

మొదటి హాస్టల్ మెట్ల మీద మహిపాల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. పింకీని చూసి, "ఇయ్యాల బందట గదా?" అన్నాడు.

'ఎవరో రాసిన్రు అన్నా' అనే మాట పింకీ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనే రాసిన అన్నా. తప్పయింది. లైబ్రరీ తెరిచే ఉంది. ఐదు లోపల మీరందరు రాకుంటె ఇంక ఎప్పటికీ బందే!"

మహిపాల్ మత్తు వదిలింది. "అమ్మో! రూముల ఆరుగురం ఉంటం. గీ లైబ్రరీ పోతే యాడ చదవాలె?" అంటూ ఫోన్ తీసి గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

తర్వాత లేడీస్ హాస్టల్. తర్వాత మెస్. తర్వాత జిరాక్స్ షాపు. మెట్రో స్టేషన్ కింద నిలబడ్డవాళ్లనూ వదల్లేదు. పంజాగుట్ట వైపు ఇంకో రెండు హాస్టళ్లున్నాయని ఎవరో చెప్పారు. సైకిల్ అటు తిరిగింది.

"నా కాళ్లు పడిపోతున్నాయి బాబోయ్!" అన్నాడు కేదార్.

"జర తొక్కు భాయ్!"

వాళ్లు తిరిగొచ్చేసరికి మూడున్నర. లోపలికి తొంగి చూసి పింకీ నోరు తెరిచింది. కుర్చీలన్నీ నిండిపోయాయి! కిటికీ గట్ల మీద కూర్చున్నారు, మెట్ల మీద కూర్చున్నారు. చోటు దొరకనివాళ్లు బీరువాలకు ఆనుకుని నిలబడే చదువుతున్నారు. లెక్క తప్పిపోయి, రామ్మోహనరావు గారు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నారు.

ఐదుకు పది నిమిషాలుంది. "పాపా, ఆ సంతకాల రిజిస్టరు ఇలా తీసుకురా" అన్నారాయన.

పింకీ వెళ్లి తెరిచి చూసింది. ఉదయం పేజీ అంతా ఖాళీ. కేదార్ ఆమె చెవిలో గొణిగాడు. "రోజూ వచ్చేవాళ్ల పేర్లన్నీ నీకు తెలుసుగా? గబగబా రాసేయ్. ఎవరికి తెలుస్తుంది?"

నిజమే. ఆ పేర్లన్నీ పింకీకి నోటికి వచ్చు. పెన్ను తీసుకుంది. పొద్దున బంద్ పెట్టినప్పుడు కూడా ఇలాగే, మంచే చేస్తున్నానని అనుకుంది కదా! ఆ పేర్లేవీ రాయలేదు. ఖాళీ పేజీలో ఇలా రాసింది:

"పొద్దున ఎవ్వరూ రాలేదు. గేటు మూసి బంద్ అని రాసింది నేనే. పింకీ."

రామ్మోహనరావు గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీశారు. "పింకీ అంటే నువ్వేనా?"

"అవును సార్. యూనియనోళ్లు బంద్ పెట్టలే. మా మమ్మీకి సుత తెల్వదు. నేనే పెట్టిన." "లైబ్రరీ మూయకుండ్రి సార్."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"మూయాలా వద్దా అన్నది నా చేతిలో లేదమ్మా. చూసింది చూసినట్టు రాయడమే నా పని" అన్నారాయన. మంజూష బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "కానీ గేటే తెరవనప్పుడు ఎవరూ రాలేదని నేనెలా రాస్తాను? ఈ సున్నాలు చెల్లవు." పొద్దుటి సున్నాల మీద అడ్డంగా గీత కొట్టేశారు. "రేపు ఎనిమిదింటికి మళ్లీ వస్తాను. రోజంతా కూర్చుని చూస్తాను."

ఇంకేముంది! మహిపాల్ ఈల వేశాడు. గదంతా చప్పట్లు మోగిపోయాయి. చీమ చిటుక్కుమన్నా "ష్" అనే మంజూష కూడా ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. ఓదెలు సంతోషం పట్టలేక కేదార్‌ను ఎత్తి తిప్పాడు.

పింకీ మాత్రం గెంతులేస్తూ ఉండిపోలేదు. దగ్గర్లో ఉన్న అక్క పక్కకు వెళ్లి వంగి, మెల్లగా చెప్పింది.

"అక్కా, రేపు ఎనిమిదింటికే తెరుస్తం. తప్పకుండ రా."

తర్వాత పక్కన కూర్చున్న అన్న దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత మెట్ల మీద ఉన్నవాళ్ల దగ్గరికి. ఒక్కరిని కూడా వదలకుండా అందరికీ చెప్పింది.