ముత్యాలేటిని విడిపించిన కస్తూరి

కుందనగిరి రాజ్యమంతటికీ ముత్యాలేరే ప్రాణం. ఒకనాడు ఘటోదరుడనే రాక్షసుడు ఆ ఏటిని నల్లకొండ గుహలోకి మళ్ళించి, ద్వారానికి పెద్ద బండ అడ్డం పెట్టాడు. పొలాలు బీటలువారాయి. బావులు అడుగంటాయి. సంతానం లేని రాజు సుధన్వుడు, ఏటిని విడిపించిన వీరుడికే పట్టం కడతానని చాటింపు వేయించాడు. కిరీటం ఎక్కడ పక్కవాడికి దక్కుతుందోనని సేనాపతి రణకేసరి మొదలు యోధులంతా ఎవరికి వారే వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

గొర్రెల కాపరి కూతురు కస్తూరి, దాహంతో ఏడ్చే పసివాళ్ళను చూడలేక తానే బయలుదేరింది.

కీకారణ్యంలో రెండు తలల గండభేరుండ పక్షి ఆమె దారికి అడ్డంగా వాలింది.

"నేనంటే భయం లేదా?" అని అరిచింది.

"ఎందుకు లేదు? కాళ్ళు ఎలా వణుకుతున్నాయో చూడు" అంది కస్తూరి.

"మరి వెనక్కి పోవేం?"

"పోతే పిల్లలకు నీళ్ళెవరు తెస్తారు?"

పక్షి రెండు ముక్కులతోనూ నవ్వింది. "ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా భయం లేదని బొంకారు. వాళ్ళను నడిచే పొమ్మన్నాను. నువ్వు నా వీపెక్కు!"

గుహ ముందు ఘటోదరుడు కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ యోధులు రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు.

"పోరాడతావా, పిల్లా?"

"నాకు కత్తి పట్టడం రాదు. మా ఏటిని అడగడానికి వచ్చాను."

రాక్షసుడికి వేడుక పుట్టింది. "ఏరు కావాలా, ఈ బొమ్మలకు ప్రాణం కావాలా? ఒక్కటే కోరుకో. ఇచ్చిన మాట తప్పితే నా తల వెయ్యి చెక్కలవుతుంది."

కస్తూరి కళ్ళు చెమర్చాయి. ఏరు కోరితే వీళ్ళు ఎప్పటికీ రాళ్ళే. వీళ్ళ కోసమూ ఇళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళున్నారు.

"వీళ్ళను బతికించు. మనుషులుంటే ఏటికి దారి వెతుక్కుంటాం."

ఘటోదరుడు పకపకా నవ్వి మంత్రం చదివాడు. బొమ్మలు కదిలాయి.

"అన్నలారా, బండ తోద్దాం రండి!" అని కేక వేసింది కస్తూరి.

"నేను తోసి చూశానమ్మా, కదల్లేదు" అన్నాడు రణకేసరి.

"నువ్వొక్కడివే తోశావు కదన్నా! అందరూ పట్టండి. హైలెస్సా!"

"హైలెస్సా!"

ఇచ్చిన ప్రాణం మళ్ళీ తీస్తే తల పగులుతుంది కనుక, ఘటోదరుడు పళ్ళు కొరుకుతూ చూస్తుండిపోయాడు. బండ దొర్లింది. ముత్యాలేరు ఉరికివచ్చి, రాక్షసుణ్ణి దొర్లించుకుంటూ ఏడు కొండల అవతల పారేసింది.

రాజు కిరీటంతో ఎదురువచ్చి, ముందు నడుస్తున్న రణకేసరి దగ్గర ఆగాడు. సేనాపతి పక్కకు తప్పుకున్నాడు.

"మహారాజా, మేము కిరీటం కోసం వెళ్ళాం. ఈమె మనుషుల కోసం వచ్చింది. వీరురాలు ఈమే!"

పట్టాభిషేకం ఏటి ఒడ్డునే జరిగింది. పురోహితుడు కలశం ఎత్తేలోగా పిల్లలంతా దోసిళ్ళతో నీళ్ళు చల్లేశారు. కొత్త రాణి గట్టిగా తుమ్మింది. కుందనగిరి రాజ్యం విరగబడి నవ్వింది.